హెబియస్ కార్పస్ వేశాక నోటీసు జైలుకు ఎవరు చేరుస్తారు? మీరు కన్నేసి ఉంచాల్సింది ఎక్కడ?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడి మీద పీడీ యాక్ట్ (ముందుజాగ్రత్త పేరుతో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) పెట్టి చర్లపల్లి సెంట్రల్ జైల్లో ఉంచారు. అమ్మగారి పేరు మీద తెలంగాణ హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్, అంటే ఈ నిర్బంధం చట్టబద్ధమా అని తేల్చమనే పిటిషన్, వేశారు. ఆ నోటీసు జైలుకు ఎలా చేరుతుంది, మీరే పట్టుకెళ్లి సూపరింటెండెంట్‌కు ఇవ్వాలా, వాళ్లు తీసుకోకపోతే కేసు ఆగిపోతుందా, తమ్ముణ్ని కోర్టుకు తీసుకొస్తారా, "సర్వీస్ ఖర్చులు" అంటూ గుమాస్తా అడుగుతున్న డబ్బు ఇవ్వాలా.

సూటిగా చెప్తాను. జైలు గేటు దగ్గరికి వెళ్లి మీరు ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ప్రభుత్వం, పోలీస్ కమిషనర్, జైలు సూపరింటెండెంట్, వీళ్లందరి తరఫునా కాగితాలు తీసుకునేది హైకోర్టులో ఉండే గవర్నమెంట్ ప్లీడర్ (జీపీ, అంటే ప్రభుత్వ లాయరు) ఆఫీసు. జీపీ గారు కోర్టులో లేచి "నోటీసు తీసుకుంటున్నాం" అన్నారంటే వాళ్లందరికీ నోటీసు అందినట్టే. సూపరింటెండెంట్ గారు కాగితం తీసుకోలేదన్న కారణంతో డిటెన్షన్ కేసు ఆగిపోవడం నా ప్రాక్టీసులో చూడలేదు. ఆగేది వేరే చోట్ల. అవి కింద రాస్తాను, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కర్లేని కాగితం మీద పెట్టారని అనిపిస్తోంది.

నేను హైకోర్టులో రిట్ సైడు, క్రిమినల్ సైడు ప్రాక్టీస్ చేస్తాను. డిటెన్షన్ మ్యాటర్లు చాలాకాలంగా చూస్తున్నాను. చెప్పేదంతా తెలంగాణ, ఆంధ్ర హైకోర్టుల పద్ధతి. వేరే రాష్ట్రాల్లో చిన్న చిన్న తేడాలుంటాయి.

ముందు సర్వీస్ ఎలా జరుగుతుందో చెప్తాను. అమ్మగారు సంతకం చేసిన అఫిడవిట్, దాని వెనక మెటీరియల్ పేపర్లు, అంటే డిటెన్షన్ (నిర్బంధం) ఆర్డరు, గ్రౌండ్స్ (దానికి చూపిన కారణాలు), ప్రభుత్వం ఆమోదించిన జీవో, ఉంటే కన్ఫర్మేషన్ జీవో, ఇవన్నీ కలిపి ఒక సెట్టు. రిట్ ఫైల్ చేసేటప్పుడే మీ లాయరు ఒక సెట్టు జీపీ ఆఫీసుకు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుంటారు. ఆ ముద్ర లేకపోతే రిజిస్ట్రీలో స్క్రూటినీ వాళ్లు ఆబ్జెక్షన్ పెట్టి కాగితాలు వెనక్కిస్తారు. నంబరు పడ్డాక మ్యాటర్ ఇద్దరు జడ్జిల బెంచి ముందుకు వస్తుంది. తొందర ఉందనుకుంటే లంచ్ మోషన్, అంటే అదే రోజు భోజన విరామం తర్వాత వినమని, అడుగుతాం. సెలవు రోజైతే జడ్జి గారి ఇంటి దగ్గర వినమనే హౌస్ మోషన్.

మొదటి రోజు విచారణ చూసి చాలామంది కుటుంబాల వాళ్లు నిరుత్సాహపడతారు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. జీపీ గారు లేచి నోటీసు తీసుకుంటారు, కౌంటరుకు (ప్రభుత్వం వేసే రాతపూర్వక జవాబుకు) టైము అడుగుతారు, బెంచి ఒక తేదీ ఇస్తుంది. "ఏమీ జరగలేదు కదా సార్" అని బయటికొచ్చాక అడుగుతారు. జరిగింది. మీరు ఇన్ని రోజులుగా భయపడుతున్న సర్వీస్ పూర్తయ్యింది ఆ రెండు నిమిషాల్లోనే.

ఆ తర్వాత కాగితం జైలుకు ఎలా వెళ్తుందంటే, జీపీ ఆఫీసు నుంచి కమిషనరేట్‌కూ, జైలుకూ, సెక్రటేరియట్‌లో సాధారణ పరిపాలన శాఖ (జీఏడీ)కీ లెటర్లు వెళ్తాయి. అఫిడవిట్ కాపీ జతచేసి ఒక్కో పేరాకు జవాబు (పేరావైజ్ రిమార్క్స్) పంపమంటారు. జైలు వాళ్లు చెప్పాల్సింది తక్కువే. ఈ మనిషి ఏ తేదీన మా దగ్గరికి వచ్చాడు, ఏ ఆర్డరు మీద ఉన్నాడు, ఇంకే కేసుల్లో రిమాండ్ ఉంది, రిప్రజెంటేషన్ (నిర్బంధానికి వ్యతిరేకంగా అర్జీ) ఏమైనా ఇచ్చాడా, ఇస్తే ఎప్పుడు పైకి పంపాం, ఇంతే. ఈ చివరి రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ప్రతివాదుల్లో కేంద్ర ప్రభుత్వం కూడా ఉంటే, అంటే స్మగ్లింగ్, విదేశీ మారకద్రవ్యం మీది కాఫీపోసా లాంటి చట్టాల కింద పెట్టిన డిటెన్షన్ అయితే, ఒక సెట్టు డిప్యూటీ సొలిసిటర్ జనరల్ ఆఫీసులోనూ ఇవ్వాలి. మీది రాష్ట్ర పీడీ యాక్ట్, 1986 నాటి 1వ నంబరు చట్టం కాబట్టి ఆ పని లేదు.

ఇక ప్రతివాదుల పేర్లు సరిగా ఉన్నాయో లేదో మీరు ఒక్కసారి చూసుకోండి. హెబియస్ కార్పస్ అనేది మనిషి ఎవరి చేతిలో ఉన్నాడో వాళ్లను ఉద్దేశించి అడిగే ప్రశ్న. ఏ అధికారంతో ఇతన్ని ఉంచావో చెప్పు అని. ఈ ఆలోచన పాతది. ఇంగ్లండ్‌లో 1679లో చేసిన హెబియస్ కార్పస్ చట్టం చదివితే అందులో సగం గొడవ సర్వీస్ గురించే. జైలరు కనపడకుండా తప్పించుకుంటే ఏం చెయ్యాలి? అందుకని రిట్‌ను అధికారికి స్వయంగా ఇచ్చినా, జైల్లో అతని కింది ఉద్యోగి దగ్గర వదిలినా చెల్లుతుందని రాశారు. జైలు ఇరవై మైళ్ల లోపుంటే 3 రోజుల్లో, వంద మైళ్ల లోపుంటే 10 రోజుల్లో, అంతకు మించితే 20 రోజుల్లో మనిషిని తెచ్చి జవాబు చెప్పాలి. చెప్పకపోతే మొదటిసారి 100 పౌండ్లు, రెండోసారి 200 పౌండ్లు జరిమానా. అప్పటి జైలర్లు ఎన్ని వేషాలు వేసి ఉంటే ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందో ఊహించుకోండి! మనకు ఆ బాధ తప్పింది. సర్కారు తరఫున కాగితం తీసుకోవడానికి కోర్టులోనే ఒక ఆఫీసు ఉంది.

కానీ పాత సూత్రం ఒకటి ఇప్పటికీ పనిచేస్తుంది. మనిషి ఉన్న చోటు మారితే కాగితంలో పేరూ మారాలి. చంచల్‌గూడలో ఉండగా రిట్ వేశారు, మధ్యలో చర్లపల్లికి మార్చారు అనుకోండి. రిట్‌లో చంచల్‌గూడ సూపరింటెండెంటే ఉంటాడు. కేసు దీనివల్ల కొట్టేయరు, డిటెన్షన్ ఆర్డరు ఇచ్చిన కమిషనరూ ప్రభుత్వమూ ఎలాగూ ఉన్నారు. అయితే చివర్లో విడుదల ఆర్డరు వచ్చినప్పుడు అది వేరే జైలు పేరుతో ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది తంటా. కాబట్టి జైలు మార్చిన సంగతి తెలిసిన రోజే లాయరుకు చెప్పండి. కొత్త జైలు సూపరింటెండెంట్‌ను ప్రతివాదిగా చేర్చమనే చిన్న ఇంప్లీడ్ పిటిషన్‌తో పోతుంది.

మీ ఇంకో భయం, జైలు వాళ్లు వకాలత్ మీద తమ్ముడి సంతకం పెట్టించనివ్వడం లేదని. ఈ కేసుకు ఆ సంతకం అక్కర్లేదు. పిటిషనర్ అమ్మగారు, వకాలత్ ఆమెది. జైల్లో ఉన్నవాడి తరఫున భార్య, తల్లి, తండ్రి, అన్న, చివరికి స్నేహితుడైనా హెబియస్ కార్పస్ వెయ్యొచ్చు. సునీల్ బాత్రా అనే ఖైదీ తోటి ఖైదీని జైలు సిబ్బంది హింసించారని ఉత్తరం రాస్తే సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబర్ నాటి తీర్పు అది. ఇచ్చు దేవి కేసులో 1980లో, డిటెన్షన్ కేసుల్లో ప్లీడింగ్స్ (పిటిషన్ రాత) పక్కాగా ఉండాలని పట్టుబట్టకూడదు, నిర్బంధం చట్టబద్ధమని చూపించాల్సిన భారం ప్రభుత్వానిదే అని చెప్పింది. అందుకే ఈ కేసుల్లో టెక్నికల్ లోపాలకు బెంచి అంత విలువ ఇవ్వదు.

తమ్ముణ్ని కోర్టుకు తెస్తారా అన్నదానికి జవాబు: తీసుకురారు. దీని మీద తీర్పు మన తెలుగు నేల మీది జైలు నుంచే వెళ్లింది. నక్సల్బరీ నాయకుడు కాను సన్యాల్‌ను పార్వతీపురం కుట్ర కేసులో విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉంచినప్పుడు, ఆయన సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. మనిషిని కోర్టు ముందు నిలబెట్టకుండా ఈ రిట్ విచారించవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. విచారించవచ్చు, మనిషిని హాజరుపరచడం తప్పనిసరి కాదు, అసలు విషయం నిర్బంధం చట్టబద్ధమా కాదా అన్నదే అని 1973లో తేల్చారు. అప్పటినుంచి జైల్లో ఉన్నవాళ్ల కేసుల్లో కాగితాల మీదే వాదన. మనిషి ఎక్కడున్నాడో తెలియని కేసుల్లో మాత్రం ఇప్పటికీ "ఫలానా తేదీన హాజరుపరచండి" అని ఆర్డరు వేస్తారు.

ఆ రెండో రకం కేసుల గురించి ఒక మాట, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో కొందరికి అదే అవసరం ఉండొచ్చు. పోలీసులు ఇంటికొచ్చి మనిషిని తీసుకెళ్లారు, ఏ స్టేషన్లో అడిగినా మా దగ్గర లేడంటున్నారు. ఇక్కడ సర్వీస్ నిజంగానే గడియారంతో పోటీ. పట్టుకున్నాక 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ చెప్తోంది. ఒకప్పుడు ఇలాంటప్పుడు మొదట చేసే పని టెలిగ్రామ్ కొట్టడం. చీఫ్ జస్టిస్‌కు, డీజీపీకి, కలెక్టర్‌కు టెలిగ్రాములు వెళ్లేవి. పౌరహక్కుల సంఘం వాళ్లు, కన్నబిరన్ గారి లాంటి లాయర్లు ఆ రసీదుల విలువ తెలిసినవాళ్లు. ఫలానా తేదీన ఫలానా గంటకు మేం చెప్పాం అనడానికి ప్రభుత్వమే ఇచ్చిన సాక్ష్యం అది. 2013 జులైలో టెలిగ్రామ్ ఆగిపోయింది. ఇప్పుడు ఈమెయిలు పంపండి, స్పీడ్ పోస్టు చెయ్యండి, రెండింటి రుజువూ దాచుకోండి. వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోకండి. నీలం టిక్కులు చూపించి బెంచిని ఒప్పించడం కష్టం.

జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. హైకోర్టు దాకా వచ్చేలోపు స్థానిక మెజిస్ట్రేట్ దగ్గర సెర్చ్ వారెంట్ పిటిషన్ వెయ్యొచ్చు. పాత సీఆర్‌పీసీలో 97వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 100వ సెక్షన్. మెజిస్ట్రేట్ ఒప్పుకుంటే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లి చూసే లాయరును) వేస్తారు. ఆయన వారెంట్ జేబులో పెట్టుకుని చెప్పాపెట్టకుండా స్టేషన్లోకి నడిచి వెళ్తాడు. లాకప్ గది, పై అంతస్తులో రైటర్ గది, వెనకాల క్వార్టర్లు, అన్నీ చూసి, మనిషి కనపడితే అక్కడికక్కడే పంచనామా రాస్తాడు. ముందుగా నోటీసు వెళ్లకపోవడమే ఇందులో బలం. హైకోర్టు రిట్‌లో జీపీ ఆఫీసుకు సెట్టు ఇవ్వగానే స్టేషన్‌కు ఫోను వెళ్తుంది. ఆ ఫోనుతోనే మనిషి బయటపడే కేసులూ ఉన్నాయనుకోండి. మర్నాడు పొద్దున్నే రిమాండ్‌కు పెట్టేసి, "నిన్న సాయంత్రమే అరెస్టు చేశాం" అని కోర్టులో చెప్తారు. అలా రిమాండ్ అయ్యిందంటే హెబియస్ కార్పస్ దాదాపు ముగిసినట్టే.

నోటీసు అందరికీ చేరినా "మా దగ్గర లేడు" అని అఫిడవిట్ వేస్తే? కేరళలో రాజన్ కేసు దీనికి ఉదాహరణ. ఎమర్జెన్సీలో పోలీసులు పట్టుకెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థి కోసం తండ్రి ఈచర వారియర్ 1977లో హైకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం అసలు అరెస్టే చెయ్యలేదంది. కోర్టు నమ్మలేదు, ఏప్రిల్ 21కల్లా హాజరుపరచమంది. కుర్రాడు కస్టడీలోనే చనిపోయాడని ఆ తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి కరుణాకరన్ ఆ నెలలోనే రాజీనామా చేశారు.

ప్రైవేటు వ్యక్తులు ప్రతివాదులైతే, ఉదాహరణకు పెళ్లి చేసుకున్న అమ్మాయిని పుట్టింటివాళ్లు బంధించారని వేసే రిట్లలో, జీపీ వాళ్ల తరఫున నోటీసు తీసుకోరు. అప్పుడు బెంచి పిటిషనర్ లాయరునే పోస్టు ద్వారా పర్సనల్ నోటీసు పంపి ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ వెయ్యమంటుంది, లేదా ఎస్‌హెచ్ఓ (స్టేషన్ ఇన్‌చార్జి పోలీసు అధికారి) ద్వారా అందజేయమంటుంది. "డోర్ లాక్డ్", "తీసుకోలేదు" అని కవరు తిరిగొచ్చే బాధలన్నీ ఇక్కడే. కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన ఆ రాతను చింపకుండా అలాగే ఫైల్ చెయ్యాలి. మీ కేసుకు సంబంధం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

మీ కేసుకు వద్దాం. తమ్ముడు నిజంగా పీడీ యాక్ట్ మీదే లోపల ఉన్నాడా, లేక మామూలు కేసుల్లో రిమాండ్ కూడా నడుస్తోందా? ఇది ముందు తేల్చుకోండి. మెజిస్ట్రేట్ రిమాండ్ చేసిన ఖైదీకి హెబియస్ కార్పస్ మామూలుగా రాదు, బెయిలే దారి. సుప్రీంకోర్టు మనూభాయ్ పటేల్ కేసులో 2012లో, మళ్లీ సెంథిల్ బాలాజీ కేసులో 2023లో ఇదే చెప్పింది. రిమాండ్ ఆర్డరే పూర్తిగా చట్టవిరుద్ధమైతే తప్ప. మన దగ్గర తరచుగా జరిగేదేమిటంటే, మూడు నాలుగు కేసుల్లో రిమాండ్‌లో ఉన్నవాడికి బెయిలు వచ్చేలా ఉందనగా పీడీ ఆర్డరు తెచ్చి జైల్లోనే చేతికిస్తారు. అప్పుడు రిట్ గెలిచినా మిగతా కేసుల్లో బెయిలు లేకపోతే గేటు తెరుచుకోదు. తీర్పులో "మరే కేసులోనూ అవసరం లేకపోతే వెంటనే విడుదల చెయ్యండి" అని రాసేది అందుకే. కాబట్టి రిట్ నడుస్తుండగానే మిగిలిన కేసుల్లో బెయిలు, జామీనుదారులు సిద్ధం చేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు లెక్కపెట్టాల్సింది మీ నోటీసు జైలుకు చేరిన తేదీ కాదు, వాళ్ల కాగితాలు మీ తమ్ముడికి చేరిన తేదీలు, అతని కాగితం బయటికి వెళ్లిన తేదీ. ఈ కేసుల్లో నిజమైన సర్వీస్ అదే.

చట్టం ఏం చెప్తోందో చూడండి. కమిషనర్ ఇచ్చిన ఆర్డరును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, లేకపోతే అది నిలవదు. గ్రౌండ్స్‌ను నిర్బంధించిన తేదీ నుంచి 5 రోజుల్లోపు ఇవ్వాలి. మూడు వారాల్లో డిటెన్షన్‌ను పరిశీలించే అడ్వైజరీ బోర్డు ముందు పెట్టాలి. ఏడు వారాల్లో బోర్డు రిపోర్టు ఇవ్వాలి. ఎక్కువలో ఎక్కువ 12 నెలలు ఉంచవచ్చు. ఈ తేదీలన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకుని, కౌంటర్ రాగానే అందులో తేదీలతో పోల్చండి. లాయరు చెయ్యరా అంటే చేస్తారు. కానీ ములాఖత్‌కు వెళ్లి "ఆ కాగితాలు నీ చేతికి ఏ రోజు ఇచ్చారు, ఏ భాషలో ఇచ్చారు, ఎన్ని పేజీలు, చదవడానికి కనపడుతున్నాయా" అని అడగగలిగేది మీరే.

భాష సంగతి చిన్నది అనుకోకండి. లల్లూభాయ్ పటేల్ అనే ఆయనకు గుజరాతీ తప్ప రాదు. గ్రౌండ్స్ ఇంగ్లిష్‌లో ఇచ్చి, పోలీసు అధికారి నోటితో గుజరాతీలో వివరించాడు. అది చాలదు, అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 1980 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు డిటెన్షన్ కొట్టేసింది. మన దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ అనువాదాలు జతచేస్తారు. అయితే వంద పేజీల కట్టలో గ్రౌండ్స్‌కు అనువాదం ఉండి, లోపలి ఎఫ్ఐఆర్, కన్ఫెషన్ పంచనామా కాపీలు మసిపట్టి చదవడానికి రాకుండా ఉంటాయి. ఒక కేసులో మేం అసలు కట్ట జైలు నుంచి తెప్పించి జడ్జిల ముందు పెట్టాం. జెరాక్స్ మీద జెరాక్స్ తీసి తీసి ఒక పేజీలో పోలీస్ స్టేషన్ ముద్ర తప్ప ఇంకేమీ కనపడదు. సీనియర్ జడ్జి గారు ఆ పేజీని పైకెత్తి లైటుకు అడ్డంగా పట్టి చూసి, పక్క జడ్జి గారికి అందించారు. ఆ పాయింట్ మీద జీపీ గారు ఇంక వాదించలేదు.

రిప్రజెంటేషన్ మరీ ముఖ్యం. డిటెన్షన్‌కు వ్యతిరేకంగా తమ్ముడు ప్రభుత్వానికి, అడ్వైజరీ బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. అది సూపరింటెండెంట్ ద్వారానే వెళ్తుంది. అర్జీని వెంటనే పరిశీలించడం ప్రభుత్వం చెయ్యాల్సిన పని, కారణం చెప్పలేని ఆలస్యం జరిగితే డిటెన్షనే పోతుంది. 2024 సెప్టెంబర్‌లో జసీలా షాజీ కేసులో సరిగ్గా ఇదే అయ్యింది. కాఫీపోసా కింద ఉన్న మనిషి అర్జీని జైలువాళ్లు మామూలు పోస్టులో పడేశారు, అది చేరాల్సినవాళ్లకు చేరనే లేదు. సుప్రీంకోర్టు డిటెన్షన్ కొట్టేసి, ఇలాంటి అర్జీలను జైలు అధికారులు వెంటనే, చేరినట్టు రుజువుండేలా పంపాలని గట్టిగా చెప్పింది. కాబట్టి తమ్ముడు అర్జీ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వమనండి. మీ లాయరు డ్రాఫ్ట్ చేస్తారు, తమ్ముడు సంతకం పెట్టి జైలు ఆఫీసులో ఇచ్చి, తేదీతో రసీదు అడగాలి. రసీదు ఇవ్వకపోతే అదే విషయాన్ని మీరు బయట నుంచి ఈమెయిల్ చెయ్యండి: "ఫలానా తేదీన ఇచ్చాడు, పైకి పంపారా?" అని. మర్యాదగా, రెండు వాక్యాల్లో. జైలువాళ్లతో గొడవ పెట్టుకోవడం వల్ల లాభం లేదు. వాళ్లకూ మీ తమ్ముడిని లోపల ఉంచాలన్న పట్టుదలేమీ ఉండదు, ఫైలు పద్ధతిగా ఉంటే చాలు వాళ్లకు.

గెలిచే అవకాశం గురించి మీరు అడగలేదు గానీ, ఒక మాట. మన రాష్ట్రంలో పీడీ ఆర్డర్లు ఇచ్చే తీరు మీద సుప్రీంకోర్టు ఈ మధ్య మళ్లీ మళ్లీ మాట్లాడింది. 2022లో మల్లాడ శ్రీరామ్ కేసు, 2023 సెప్టెంబర్‌లో అమీనా బేగం కేసు, 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసు, మూడూ తెలంగాణవే, మూడింటిలోనూ డిటెన్షన్ కొట్టేశారు. మామూలు శాంతిభద్రతల సమస్యకు, ప్రజాజీవనాన్నే కలవరపెట్టే పరిస్థితికి తేడా చూడకుండా ఆర్డర్లు వేస్తున్నారన్నది ప్రధానంగా చెప్పిన మాట. బుజ్జి కేసులో అడ్వైజరీ బోర్డులు కళ్లు మూసుకుని ముద్ర వెయ్యకూడదనీ అన్నారు. మీ లాయరుకు ఇవి తెలిసే ఉంటాయి. నాకు అసంతృప్తి కలిగించేది ఒకటే. ఈ కేసుల్లో కౌంటర్లకు వాయిదాల మీద వాయిదాలు అడుగుతారు. 12 నెలల డిటెన్షన్‌లో ఏడెనిమిది నెలలు గడిచాక గెలిస్తే ఆ గెలుపు ఎంత మేరకు పనికొచ్చినట్టు? అందుకే రెండోసారి టైము అడిగిన రోజే "చిన్న తేదీ ఇవ్వండి, కౌంటర్ వెయ్యకపోతే రికార్డు మీద వినండి" అని అడగమని మీ లాయరుకు చెప్పండి. ఇది అడగడానికి మొహమాటపడేవాళ్లను చూశాను. జైల్లో ఉన్నది వాళ్లు కాదు కదా.

ఇక చివరి కాగితం, విడుదల ఆర్డరు. రిట్‌లో నిజంగా జైలుకు చేర్చాల్సిన కాగితం ఇదే, మీరు కాళ్లరిగేలా తిరగాల్సిందీ దీనికోసమే. 2021 జులైలో ఆగ్రా జైల్లో 13 మంది ఖైదీలకు సుప్రీంకోర్టు బెయిలిచ్చినా, ఆర్డరు సరైన దారిలో రాలేదని రోజుల తరబడి వదల్లేదు. అప్పటి చీఫ్ జస్టిస్ మన ఎన్.వి. రమణ గారు దాన్ని సుమోటోగా (ఎవరూ పిటిషన్ వెయ్యకుండానే) తీసుకుని, డిజిటల్ కాలంలోనూ పావురాల కోసం ఆకాశం కేసి చూస్తున్నామన్న ధోరణిలో చురకవేశారు. దాని ఫలితమే ఫాస్టర్ అనే వ్యవస్థ, 2022 మార్చి 31న మొదలైంది. సుప్రీంకోర్టు ఆర్డర్లు దాని ద్వారా నేరుగా జైళ్లకు ఎలక్ట్రానిక్‌గా వెళ్తాయి.

హైకోర్టులో రిజిస్ట్రీ కూడా ఆర్డరు పంపుతుంది. కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. తీర్పు చెప్పే రోజే మీ లాయరు "సీసీ టుడే" అడగాలి, అంటే సర్టిఫైడ్ కాపీ ఆ రోజే ఇవ్వమని. జడ్జిలు సంతకం పెట్టాక, సెక్షన్లో టైపు అయ్యి, కాపీ సిద్ధమై, ముద్రపడి చేతికొచ్చేసరికి సాయంత్రం కావొచ్చు, మర్నాడూ కావొచ్చు. కాపీ తీసుకున్న చోటే, కౌంటరు దగ్గర నుంచి కదలకముందే ఈ వివరాలు సరిచూడండి: తమ్ముడి పేరు, ఇంటిపేరు స్పెల్లింగు, తండ్రి పేరు, డిటెన్షన్ ఆర్డరు నంబరు, తేదీ, జైలు పేరు. ఒక కుర్రాడి తండ్రి పేరులో ఒక అక్షరం తేడా వచ్చిందని అతన్ని వదల్లేదు. జైలు రికార్డులో ఒకలా, ఆర్డరులో ఇంకోలా ఉంది. శుక్రవారం సాయంత్రం అది. సవరణ కోసం సోమవారం మళ్లీ బెంచి ముందుకెళ్లి మెన్షన్ చెయ్యాల్సి వచ్చింది. శని, ఆదివారాలు ఆ తల్లి రోజూ గేటు దగ్గరికి వెళ్లి కూర్చుందట.

జైల్లో ఆర్డరు ఇచ్చాక వాళ్లు రెండు పనులు చేస్తారు. ఆర్డరు నిజమైనదేనా అని వెబ్‌సైట్‌లోనో, ఫోన్ చేసో సరిచూస్తారు. తర్వాత వేరే కేసుల్లో రిమాండ్, పీటీ వారెంట్లు (ఖైదీని వేరే కోర్టులో హాజరుపరచమనే ఆర్డర్లు) ఏమైనా పెండింగ్ ఉన్నాయా అని చూస్తారు. ఇవి అయ్యేసరికి లాకప్ టైము దాటితే ఆ రాత్రికి వదలరు. కాబట్టి కాపీ పొద్దున చేతికొస్తే భోజనం సంగతి తర్వాత చూసుకుని నేరుగా జైలుకు వెళ్లండి. మిగతా కేసుల బెయిలు ఆర్డర్లు, రిలీజ్ ఆర్డర్ల కాపీలు వెంట తీసుకెళ్లండి. అవి జైలుకు ముందే చేరి ఉన్నా సరే.

ఇక గుమాస్తా అడిగిన డబ్బు. సివిల్ దావాల్లో సమన్లకు బత్తా (అందజేసే ఖర్చు) కడతాం, అమీన్ అనే కోర్టు ఉద్యోగి వెళ్లి ఇచ్చి వస్తాడు. ఆ అలవాటుతో అడిగి ఉండొచ్చు. మీ రిట్‌లో ప్రతివాదులందరూ ప్రభుత్వంవాళ్లే, అందరి తరఫునా జీపీ ఆఫీసే. అక్కడ ఇచ్చేది ఒక సెట్టు. కాబట్టి ఖర్చు అంటే జెరాక్స్, ఫైలింగు, టైపింగు, సర్టిఫైడ్ కాపీ, ఇంతే. ఇవి నిజమైన ఖర్చులే, ఇవ్వండి. "జైలుకు నోటీసు సర్వ్ చేయించడానికి", "అక్కడ సార్‌కు ఇవ్వడానికి" అన్న పేరుతో వేలల్లో అడిగితే మాత్రం నేరుగా లాయరుగారినే అడగండి, ఆయనకు ఆ సంగతి తెలియకపోనూ వచ్చు. ఫీజు మోయలేని పరిస్థితి ఉంటే, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఇస్తోంది. అమ్మగారికి ఆడవారిగా కూడా ఆ హక్కు ఉంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి.

కౌంటర్ కాపీ వచ్చాక, పేర్లు తీసేసి, ఈ తేదీలు మాత్రం ఇక్కడ రాయండి: డిటెన్షన్ ఆర్డరు, అది తమ్ముడికి ఇచ్చిన రోజు, గ్రౌండ్స్ అందిన రోజు, ఆమోదం జీవో, బోర్డు ముందు పెట్టిన రోజు, అర్జీ ఇచ్చిన రోజు, దానికి జవాబొచ్చిన రోజు. చూసి చెప్తాను.